మాక్రో రాయడం వచ్చని ఎవరు ధ్రువీకరించాలి?

దివిసీమ నుంచి గుడివాడ దాకా రైసుమిల్లుల్లో, రొయ్యల చెరువుల లెక్కలు చూసే ఆఫీసుల్లో, ఆడిటర్ల దగ్గర, సహకార సంఘాల్లో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రవాళ్లు చాలామంది ఎక్సెల్‌లో మాక్రోలు, అంటే రోజూ చేసే పనిని తమంతట తామే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, రాస్తారు. బడిలో ఎవరూ నేర్పలేదు. చేసిన పనే రోజూ చేసి విసుగొచ్చి, వీడియోలు చూసి, పక్కవాణ్ణి అడిగి పట్టుకున్న విద్య అది. బీకాం చదివి, టాలీ నేర్చి, ఆపైన సొంతంగా ఇంతదూరం వచ్చినవాళ్లు వీళ్లు. మన చల్లపల్లి వదిలి విజయవాడకో హైదరాబాదుకో ఉద్యోగం మారదామనుకున్న రోజున ఒక ప్రశ్న ఎదురవుతుంది: "మాక్రోలు వచ్చని నా నోటితో నేను చెబితే నమ్మరు. దీనికి గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఏది? ఎక్కడ రాయాలి?"

సూటిగా జవాబు చెప్పాలంటే, మాక్రో ప్రోగ్రామింగ్‌ను ఒక నైపుణ్యంగా తీసుకుని, దాన్ని పూర్తిగా పరీక్షించి, అటు ప్రభుత్వమూ ఇటు కంపెనీలూ ఒప్పుకునేలా ఇచ్చే సర్టిఫికెట్ ఇవాళ మన దేశంలో లేదు. దాని చుట్టుపక్కల పరీక్షలు అనేకం ఉన్నాయి. ఒక్కొక్కటి ఈ విద్యలో ఒక్కో ముక్కను తాకుతుంది. ఏది ఎంతవరకు పనికొస్తుందో, ఎవరి ముందు ఏది చెల్లుతుందో తెలుసుకుంటే డబ్బూ కాలమూ మిగులుతాయి. అంతకంటే ముఖ్యం, ఈ ఖాళీని పూడ్చడం మన చేతుల్లోనే ఉందని కూడా తెలుస్తుంది.

అసలు ఏం రావాలి?

సర్టిఫికెట్ దేన్ని ధ్రువీకరించాలో తేలకుండా దాని మంచిచెడ్డలు తూచలేం. అందుకని ముందు పని దగ్గరికి వెళ్దాం. ఒక రైసుమిల్లు గుమాస్తా అనుకోండి. ధాన్యం కొనుగోళ్ల సీజన్లో రోజూ లోడ్లు దిగుతుంటాయి. ఒక్కో లోడుకు ఒక వరుస. ట్రక్ షీట్ నంబరు, ఊరు, బస్తాలు, తేమ శాతం, నికర తూకం వరసగా కొట్టుకుంటూ పోతాడు. చివర తూకాలన్నీ కూడి, క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం చొప్పున మిల్లు ప్రభుత్వానికి తిరిగి అప్పజెప్పాల్సిన లెక్క తేల్చాలి. తేమ 17 శాతం దాటిన లోడ్లకు రంగు వేసి విడిగా చూపాలి.

మొదటి రోజు 37 లోడ్లు దిగాయి. గుమాస్తా మాక్రో రికార్డర్ నొక్కి, చేయాల్సినవన్నీ ఒకసారి చేత్తో చేసి, రికార్డింగ్ ఆపాడు. శీర్షికల వరుస పోను 2వ వరుస నుంచి 38వ వరుస దాకా లోడ్లున్నాయి. మొత్తం 39వ వరుసలో పడింది. బటన్ నొక్కితే పని క్షణంలో అయిపోతోంది. మర్నాడు 52 లోడ్లు వచ్చాయి. అదే బటన్ నొక్కాడు. మాక్రో తనకు నేర్పినట్టే 2 నుంచి 38 దాకా కూడి, మొత్తాన్ని 39వ వరుసలో రాసింది. కానీ ఆ రోజు 39వ వరుసలో ఉన్నది 38వ లోడు తూకం. అది చెరిగిపోయింది. దాని కింద ఉన్న 14 లోడ్లు కూడికలోకే రాలేదు. మొత్తం 15 లోడ్లు లెక్క తప్పాయి. తెరమీద ఎర్ర అక్షరాలేవీ రాలేదు, హెచ్చరిక మోగలేదు. మాక్రో చేసిన మార్పును అన్‌డూ నొక్కి వెనక్కి తీసుకోవడమూ కుదరదు.

మాక్రో రికార్డు చేయడం వచ్చినవాడికీ మాక్రో రాయడం వచ్చినవాడికీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. రాయడం వచ్చినవాడు షీటు అడుగు నుంచి పైకి వెతికి, చివరి లోడు ఏ వరుసలో ఉందో ఏ రోజుకారోజు మాక్రోనే కనుక్కునేలా రాస్తాడు. తూకం గడిలో అంకె పక్కన 'కేజీ' అని ఎవరైనా కొట్టి ఉంటే ఎక్సెల్ దాన్ని అక్షరాల కింద లెక్కగట్టి కూడికలో వదిలేస్తుందని తెలుసు కాబట్టి, ముందు ఆ గడులన్నీ తనిఖీ చేయిస్తాడు. అసలు షీటును ముట్టుకోకుండా ఫలితాన్ని వేరే షీటులో రాయిస్తాడు. ప్రతి మాడ్యూల్ పైన 'ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్' అని పెట్టి, చరరాశి పేరులో అక్షరం తప్పు పడితే అక్కడే పట్టుబడేలా చూసుకుంటాడు. 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అనే ఒక్క వాక్యం తప్పులన్నిటినీ నోరెత్తకుండా దాటించేస్తుందని ఎరిగినవాడు కాబట్టి, దాన్ని తప్పనిసరైన చోట వాడి వెంటనే ఆపేస్తాడు. దిగిన లోడ్లెన్ని, కూడిన లోడ్లెన్ని అని చివర్లో రెండు అంకెలూ పక్కపక్కన చూపిస్తాడు.

ఇవి గుమాస్తాల చిన్న తప్పులని కొట్టిపారేయలేం. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ లెక్కల్లో 15,841 కోవిడ్ కేసులు జారిపోయాయి. పాత ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఆ పైన వచ్చినవి రాలిపోయాయి. కొత్త ఫైలు రకంలో 10,48,576 వరుసలున్నాయి. ఆ తేడా తెలిసిన మనిషి ఆ బల్ల దగ్గర ఉండాల్సింది. ఇలాంటి మనిషిని ముందుగానే గుర్తుపట్టడానికే పరీక్ష కావాలి.

కంపెనీ పెట్టిన పరీక్షలు

ఎక్సెల్ మాక్రోలు రాసే భాష పేరు వీబీఏ. అది 1993లో ఎక్సెల్ 5తో వచ్చింది. దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్టే ఒకప్పుడు దానికి నిజమైన పరీక్ష పెట్టింది. దాని సంఖ్య 70-091. ఆఫీస్ 2000, వీబీఏలతో పరిష్కారాల రూపకల్పన, అమలు అన్నది దాని విషయం. ప్రోగ్రామర్ల కోసం పెట్టిన పరీక్ష అది. తర్వాత కంపెనీ దాన్ని ఎత్తేసింది, దాని చోట మరొకటి పెట్టలేదు. 2007 జూలై 1 నుంచి ఇతర సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కొత్తగా వీబీఏ లైసెన్సులు ఇవ్వడమూ ఆపింది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లో మాత్రం వీబీఏ ఇవాళ్టికీ నడుస్తోంది. ప్రపంచమంతటా లక్షల ఫైళ్లు దానిమీద ఆధారపడి ఉన్నాయి. అంటే పని మిగిలింది, దానికి పెట్టిన పరీక్ష పోయింది.

ఇప్పుడు ఎక్కువమందికి తెలిసిన పేరు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్. 1997లో వేరే పేరుతో మొదలై ఈ పేరుకు మారింది. పియర్సన్ సంస్థకు చెందిన సర్టిపోర్ట్ దీన్ని నిర్వహిస్తుంది. బహుళైచ్ఛిక ప్రశ్నలకు టిక్కులు పెట్టే పరీక్ష కాదు. తెరమీద ఎక్సెల్ తెరిచి, ఇచ్చిన పనులు చేసి చూపాలి. సమయం 50 నిమిషాలు. ఇందులో పై మెట్టు ఎక్సెల్ ఎక్స్‌పర్ట్. ఎక్సెల్ 2019కి ఎంవో-201, మైక్రోసాఫ్ట్ 365కి ఎంవో-211 దాని సంఖ్యలు. ఒకసారి పాసైతే గడువు తీరదు. ఆన్‌లైన్ బ్యాడ్జి వస్తుంది కాబట్టి ఉద్యోగం ఇచ్చేవాళ్లు లింకు నొక్కి సరిచూసుకోవచ్చు.

ఎక్స్‌పర్ట్ సిలబస్‌లో మాక్రో అనే మాట ఉంది. అందుకే చాలామంది ఇదే మాక్రో సర్టిఫికెట్ అనుకుంటారు. సిలబస్ తెరిచి చదివితే అడిగేవి ఇవి: సాధారణ మాక్రో రికార్డు చేయడం, దానికి పేరు పెట్టడం, రికార్డయిన దాన్ని కాస్త సవరించడం, ఒక వర్క్‌బుక్ నుంచి ఇంకోదానికి కాపీ చేయడం, మాక్రోలు నడిచేందుకు అనుమతి ఇవ్వడం. మన మిల్లు గుమాస్తా మొదటి రోజు చేసినదంతా ఇందులో ఉంది. రెండో రోజు అతనికి కావాల్సి వచ్చింది ఇందులో లేదు. ఫార్ములాలు, పివట్ టేబుళ్లు, చార్టుల విషయంలో మాత్రం ఇది గట్టి పరీక్షే. ఎక్సెల్ మీద పట్టుందని చూపడానికి బాగా పనికొస్తుంది. దీన్ని ఆ లెక్కన తీసుకుని రాస్తే నష్టం లేదు.

ఆఫీసు లెక్కల పనికి దగ్గరగా ఉండే కొత్త పరీక్షల్ని మైక్రోసాఫ్ట్ పవర్ ప్లాట్‌ఫామ్ అనే తన ఉపకరణాల చుట్టూ కట్టుకుంది. పవర్ బీఐ డేటా అనలిస్ట్ పరీక్ష పీఎల్-300 వాటిలో బాగా తెలిసినది. రోజూ ఫైళ్లు తెచ్చి, శుభ్రం చేసి, కలిపి రిపోర్టు తీయడం కోసమే మాక్రోలు రాసేవాళ్లకు ఇది నిజంగా మంచి దారి. మాక్రోతో వంద వాక్యాల్లో చేసే శుభ్రపరిచే పని పవర్ బీఐలోని పవర్ క్వెరీలో కొన్ని మెట్లలో అయిపోతుంది. ఆ పవర్ క్వెరీ ఎక్సెల్‌లోనూ ఉంది. పీఎల్-300 సర్టిఫికెట్‌కు ఏడాదే గడువు. తర్వాత ఏటా ఆన్‌లైన్‌లో రుసుము లేకుండా పునరుద్ధరించుకోవాలి. ఇంటర్వ్యూల్లో దీనికి విలువ ఉంది. వీబీఏ వచ్చని మాత్రం ఇది చెప్పదు.

ప్రభుత్వ ముద్ర ఉన్నవి

మన ప్రాంతంలో 'గుర్తింపు' అంటే ముందుగా మనసులో మెదిలేది ప్రభుత్వమే. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ నడిపే సీసీసీ 80 గంటల కోర్సు. ఉత్తరం టైపు చేయడం, స్ప్రెడ్‌షీటు, ఈ-మెయిలు, డిజిటల్ చెల్లింపులు వంటి ప్రాథమిక పరిచయం. నైలిట్ 'ఓ' లెవెల్ దీనికంటే బరువైనది. అందులో పైథాన్ ప్రోగ్రామింగ్ ఒక పేపరు. మాక్రో రాసేవాడికి చరరాశులు, షరతులు, లూపులు ముందే తెలుసు కాబట్టి ఆ పేపరు భయపెట్టదు. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో 'ఓ' లెవెల్ పేరు కనిపిస్తుంటుంది. ప్రోగ్రామింగ్ తెలుసని ప్రభుత్వ ముద్రతో చెప్పే కాగితం కావాలంటే ఇది నమ్మదగిన దారి.

ఏపీపీఎస్సీ జూనియర్ అసిస్టెంటు వంటి పోస్టులకు పెట్టే కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష చూడండి. వర్డ్‌లో ఒక ఉత్తరం, ఎక్సెల్‌లో పట్టిక లేదా గ్రాఫు, పవర్‌పాయింట్‌లో రెండు స్లైడ్లు, కొంచెం డేటాబేస్, ఒక ఈ-మెయిలు. మాక్రో ఊసు లేదు. స్కిల్ ఇండియా కింద డేటా ఎంట్రీ ఆపరేటర్ సర్టిఫికెట్‌దీ ఇదే దారి. టైపింగ్ వేగం, పొరపాటు లేకుండా వివరాలు ఎక్కించడం దాని పరిధి.

వీటన్నిటి మధ్య మన విషయాన్ని పేరుపెట్టి పట్టుకున్న ప్రభుత్వ కోర్సు ఒకటుంది. అది ఐటీఐలో ఏడాది ట్రేడ్ 'కోపా', అంటే కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్. పదో తరగతి పాసైతే చేరవచ్చు. చివర్లో అఖిల భారత ట్రేడ్ పరీక్ష ఉంటుంది. పాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. రెండు సెమిస్టర్లుగా నడిచిన కాలంలో రెండో సెమిస్టర్లో జావాస్క్రిప్ట్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ఈ-కామర్స్, సైబర్ భద్రతతోపాటు వీబీఏ ప్రోగ్రామింగ్ విడిగా ఒక మాడ్యూల్. చెన్నైలోని జాతీయ బోధన మాధ్యమ సంస్థ 'నిమి' దానికి ప్రాక్టికల్ పుస్తకాలు కూడా ముద్రించింది. సిలబస్‌ను కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ ఎప్పటికప్పుడు సవరిస్తుంది. అందుకని చేరబోయే ఏడాది సిలబస్ దింపుకుని, అందులో వీబీఏకు ఎన్ని గంటలు ఇచ్చారో చూసి చేరాలి. డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లు ఐటీఐ వైపు చూడటం చిన్నతనంగా భావిస్తారు. ఆ బిడియం వదులుకోవాలి. జాతీయ స్థాయి పరీక్ష ఉన్న కోర్సులో మాక్రో ప్రోగ్రామింగ్‌కు చోటిచ్చినది ఇది.

బయటి దేశాల్లో

యూరప్‌లో పుట్టి ప్రపంచమంతా పాకిన కంప్యూటర్ సర్టిఫికెట్ ఐసీడీఎల్‌కు గల్ఫ్ దేశాల ఆఫీసుల్లో మంచి పేరుంది. దాని అడ్వాన్స్‌డ్ స్ప్రెడ్‌షీట్ పరీక్షలో మాక్రో రికార్డు చేయడం, నడపడం, బటన్‌కు తగిలించడం వరకే ఉన్నాయి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో అకౌంట్స్ ఉద్యోగం వెతికేవాళ్లకు ఇది అక్కరకొస్తుంది.

జపాన్ మాత్రం ఇంకో మెట్టు ఎక్కింది. ఒడిస్సీ కమ్యూనికేషన్స్ అనే సంస్థ అక్కడ 'వీబీఏ ఎక్స్‌పర్ట్' పేరుతో పరీక్షలు నడుపుతోంది. ఎక్సెల్‌కు బేసిక్, స్టాండర్డ్ అని రెండు మెట్లు, యాక్సెస్‌కు మరో రెండు. ఈ పరీక్షలో భాషే పాఠ్యాంశం. చరరాశులు, లూపులు, ప్రొసీజర్లు, తప్పుల నిర్వహణ అన్నీ అడుగుతారు. ఆఫీసు గుమాస్తాల ప్రోగ్రామింగ్‌ను విడి నైపుణ్యంగా గుర్తించి, దానికి మెట్లు కట్టి పరీక్షించడం సాధ్యమేనని ఒక దేశం చేసి చూపింది.

గోడమీది మాటలు ఎలా చదవాలి?

ఊరూరా కంప్యూటర్ సెంటర్లు 'అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ విత్ మాక్రోస్, గవర్నమెంటు గుర్తింపు సర్టిఫికెట్' అని బోర్డులు పెడుతుంటాయి. వాటిలో బాగా నేర్పేవి ఉన్నాయి. నేర్పడం వేరు, గుర్తింపు వేరు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే ఆ సెంటరు చిన్న వ్యాపారంగా నమోదైందని అర్థం. ఐఎస్ఓ 9001 ఉంటే దాని నిర్వహణ పద్ధతులకు ఆ ప్రమాణం ఇచ్చారని అర్థం. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరైతే అది చట్టబద్ధ సంస్థ అని అర్థం. ఈ మూడింట్లో ఏదీ కోర్సుకు గుర్తింపు కాదు. వేల రూపాయలు కట్టేముందు మన పిల్లలు నాలుగు విషయాలు అడిగి తేల్చుకోవాలి.

మొదటిది, పరీక్ష పెట్టేది ఎవరు? పాఠం చెప్పినవాళ్లే ప్రశ్నపత్రం తయారుచేసి, దిద్ది, సర్టిఫికెట్ ఇస్తే దానికి ఆ వీధి దాటి విలువుండదు. రెండోది, సర్టిఫికెట్ నంబరును ముక్కూమొహం తెలియనివాళ్లు ఆన్‌లైన్‌లో సరిచూసుకోగలరా? మూడోది, ప్రభుత్వ గుర్తింపు అంటున్నారు కదా, జాతీయ అర్హతల రిజిస్టరులో ఆ కోర్సు కోడ్ చూపించగలరా? నాలుగోది, సిలబస్‌లో మాక్రో రికార్డింగ్ ఉందా, ప్రోగ్రామింగ్ ఉందా? ఈ నాలుగింటికీ సూటిగా జవాబిచ్చే సెంటరులో నిశ్చింతగా చేరవచ్చు. జవాబివ్వడానికి నసిగితే, నేర్చుకోవడం కోసం చేరండి, కాగితం కోసం మాత్రం చేరకండి.

నేర్చుకోవడానికైతే పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు లిబ్రే ఆఫీస్ పాఠాల్ని తెలుగులో కూడా వినిపిస్తోంది. లిబ్రే ఆఫీస్ ఉచితం, అందులోనూ మాక్రోలు రాయవచ్చు.

అడిగేది ఎవరు?

ఏ సర్టిఫికెట్ మంచిదన్న ప్రశ్నకు, దాన్ని ఎవరికి చూపిస్తారన్నది తెలిస్తేనే జవాబు. ప్రభుత్వ ఉద్యోగమైతే ప్రకటనలో రాసిన అర్హత మాటే వేదం. అందులో పీజీడీసీఏ అని ఉంటే పీజీడీసీఏ, 'ఓ' లెవెల్ అని ఉంటే 'ఓ' లెవెల్. ఎంత గొప్ప కంపెనీ సర్టిఫికెట్ అయినా అక్కడ లెక్కలోకి రాదు. విజయవాడ, హైదరాబాద్ ప్రైవేటు ఆఫీసులకైతే ఎక్సెల్ ఎక్స్‌పర్ట్ లేదా పీఎల్-300లో ఒకటి ఉంటే దరఖాస్తు మొదటి వడపోత దాటుతుంది. ఆ తర్వాత నిలబెట్టేది చేసిన పనే. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు డిగ్రీ అటెస్టేషన్ ముఖ్యం, ఐసీడీఎల్ అదనపు బలం. అమెరికా హెచ్-1బీ వీసాకు బ్యాచిలర్ డిగ్రీగాని దానికి సమానమైన అర్హతగాని ఆధారం. స్వల్పకాలిక సర్టిఫికెట్లు దాని స్థానంలో నిలబడవు. చుట్టుపక్కల మిల్లులకు, ఆడిటర్లకు సొంతంగా పని చేసిపెట్టేవాళ్లకైతే, నిరుడు చేసిచ్చిన ఫైలు ఈ ఏడాదీ నడుస్తోందన్న మాటే పెద్ద సర్టిఫికెట్.

పనే సాక్ష్యం

సర్టిఫికెట్ లేని చోట పని చూపించాలి. చూపించడానికి ఒక పద్ధతి ఉంది. యజమాని ఫైలును యథాతథంగా బయటికి తీయకూడదు. అందులో రైతుల పేర్లు, ఖాతా నంబర్లు ఉంటాయి. అదే నమూనాలో కల్పిత వివరాలతో ఒక షీటు తయారుచేసుకోవాలి. అందులో కావాలనే తప్పులు పెట్టాలి. ఒక చోట ఖాళీ వరుస, ఒక చోట రెండుసార్లు పడిన లోడు, ఇంకోచోట అక్షరాలతో కలిసిన అంకె. మాక్రో వాటిని ఎలా పట్టుకుందో చూపించాలి. ఒక పేజీలో సమస్య ఏమిటి, మాక్రో ఏం చేస్తుంది, ఏం చేయదు అని రాసి జతచేయాలి. ఇలాంటివి మూడు చాలు. ఇంటర్వ్యూ చేసేవాడు తన ఎదుటే నడిపి చూసుకోవచ్చు.

ఆ మూడింటిలో ఒకటి నియమాన్ని అర్థం చేసుకుని రాసినదై ఉండాలి. మన ఊరి పేరుతోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. దేశంలో సీఏ విద్యార్థులు ఆదాయపు పన్నులో చదివే తీర్పుల్లో చల్లపల్లి షుగర్స్ కేసు ఒకటి. ఉత్పత్తి మొదలుకాకముందు, యంత్రాల కోసం తెచ్చిన అప్పుమీద కట్టిన వడ్డీని ఆ యంత్రాల అసలు ఖరీదులో కలపవచ్చునని సుప్రీంకోర్టు 1974లో తేల్చింది. ఆ ఖరీదు మీదే తరుగుదల లెక్క నడుస్తుంది. తరుగుదల మాక్రో రాసేవాడు శాతాలు గుణిస్తే సరిపోదు. వడ్డీ ఆ యంత్రాన్ని మొదట వాడకంలో పెట్టిన తేదీకి ముందు కాలానిదా, తర్వాతి కాలానిదా అని చూసి, ముందుదైతే ఖరీదులోకి, తర్వాతిదైతే ఆ ఏటి ఖర్చులోకి పంపేలా రాయాలి. ఆ షరతు రాయగలిగినవాడికి అకౌంట్సూ తెలుసు, ప్రోగ్రామింగూ తెలుసు. ఆ రెండూ తెలిసిన మనిషి విలువ ఏ ఆడిటరుకైనా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

భద్రత గురించీ తెలిసి ఉండాలి. 1999లో మెలిస్సా వైరస్ వర్డ్ మాక్రో రూపంలోనే లోకమంతా తిరిగింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 జూలై నుంచి ముందుగానే ఆపేస్తోంది. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన మాక్రో ఫైలు నడవడం లేదని అడిగేవాళ్లకు, ఏది నమ్మదగిన ఫోల్డరు, మాక్రోకు డిజిటల్ సంతకం ఎలా పెట్టాలి, ఏ ఫైలును అసలు తెరవకూడదు అన్నది చెప్పగలగడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే మాక్రో రాసిస్తుంది కదా, ఈ విద్య దేనికి అనేవాళ్లున్నారు. రాసిస్తుంది, నిజమే. రాసిచ్చినది 52 లోడ్లు దిగిన రోజున కూడా సరిగ్గా నడుస్తుందో లేదో చూసి చెప్పే మనిషి కావాలి. వాక్యాలు కొట్టే పని తగ్గింది, చదివి తప్పు పట్టే పని పెరిగింది. పరీక్ష అవసరం ఇంకా ఎక్కువైంది.

మన దగ్గరే ఒక నమూనా ఉంది

ఆఫీసు నైపుణ్యానికి ప్రభుత్వ పరీక్ష పెట్టడం ఆంధ్రదేశానికి కొత్తకాదు. టైపు, షార్ట్‌హ్యాండు పరీక్షలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో నేర్పేది ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లు. పరీక్ష పెట్టేది రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి. ఇంగ్లిషు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. ఎక్కడ నేర్చుకున్నావని మండలి అడగదు. ఆ వేగంతో కొట్టి పాసైతే సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ కాగితంతో ఎన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయో ఈ కృష్ణా డెల్టాలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. నేర్పేవాడు వేరు, పరీక్షించేవాడు వేరు అన్న సూత్రమే దాని బలం.

అదే మండలి, అదే పద్ధతిలో ఆఫీస్ ఆటోమేషన్ ప్రోగ్రామింగ్‌కు లోయర్, హయ్యర్ పరీక్షలు పెట్టవచ్చు. కంప్యూటర్లున్న పాలిటెక్నిక్కులు ఉన్నాయి, పరీక్ష నడిపే యంత్రాంగం ఉంది. లోయర్‌లో తప్పులు దాచిన ఒక డేటా షీటు ఇచ్చి మాక్రో రాయించాలి. దిద్దేటప్పుడు ఆ మాక్రోను అభ్యర్థి చూడని ఇంకో షీటు మీద, వేరే వరుసల సంఖ్యతో నడపాలి. రికార్డు చేసి తెచ్చినది అక్కడే తేలిపోతుంది. హయ్యర్‌లో వేరొకరు రాసిన మాక్రో ఇచ్చి, మారిన నియమానికి తగ్గట్టు దాన్ని సవరించమనాలి. ఆఫీసుల్లో ఎక్కువసార్లు పడే పని అదే. చేసిన మార్పేమిటో తెలుగులోనో ఇంగ్లిషులోనో ఒక పేజీ రాయించాలి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ వాడాలా లిబ్రే ఆఫీస్ వాడాలా అన్నది అభ్యర్థికి వదిలేయాలి. ఫలితాన్ని డిజీలాకర్‌లో పెట్టాలి.

డబ్బు, సంకల్పం లేవనడానికి వీల్లేదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకుని 1.62 లక్షల మందికి 40 రకాల సర్టిఫికేషన్ కోర్సులు ఇప్పించడానికి పూనుకుంది. డిగ్రీ విద్యార్థులకు 2020-21 నుంచి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మచిలీపట్నంలో 2008 నుంచి కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. దాని పరిధిలోని బీకాం విద్యార్థి ఇంటర్న్‌షిప్ కోసం ఒక మిల్లులోనో సహకార సంఘంలోనో కూర్చుని, అక్కడి నిజమైన లెక్కకు మాక్రో రాసి, దాన్నే పట్టుకుని మండలి పరీక్షకు వెళ్తే, చదువూ పనీ సర్టిఫికెట్టూ మూడూ ఒకే తాటిమీదికి వస్తాయి.

అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగం వైపు చూసేవాళ్లు 'ఓ' లెవెల్‌కో కోపాకో సిద్ధపడండి. ప్రైవేటు వైపు చూసేవాళ్లు ఎక్సెల్ ఎక్స్‌పర్ట్ లేదా పీఎల్-300 ఒకటి రాయండి. ఇద్దరూ మూడు మంచి మాక్రోలు తయారుచేసి పెట్టుకోండి. ఇన్‌స్టిట్యూట్లు నడిపేవాళ్లు, కాలేజీల్లో కామర్స్ పాఠాలు చెప్పేవాళ్లు, ఉద్యోగాలిచ్చే మిల్లర్లు, ఆడిటర్లు కలిసి సాంకేతిక విద్యా మండలికి ఈ పరీక్ష కావాలని రాయండి. ఇంతమంది సొంతంగా నేర్చుకున్న విద్యకు కొలత పెట్టడం ప్రభుత్వం చేయగల పని, అడగాల్సింది మనం.